రోడ్డుకి నూనె పోస్తే జారదా?

చిట్టీ, బుజ్జీ,

మీ ఉత్తరం అందింది. కావలి దగ్గర హైవే మీద మిషను పాత తారుని గీకి లారీలోకి పోస్తుంటే చూశామని, ఆ పాత తారులో సోయానూనె కలిపి మళ్ళీ రోడ్డేస్తారని ఎవరో ఫోన్లో వీడియో చూపించారని, నూనె పోస్తే బండ్లు జారిపడవా తాతా అని అడిగారు. మంచి ప్రశ్నే. నేనైతే మీ వయసులో ఆ లారీ ఎక్కడికి పోతుందో చూద్దామని వెనకాల పరిగెత్తేవాణ్ణి, ఆలోచించేవాణ్ణి కాదు.

జారదు. ఎందుకంటే ఆ నూనె రోడ్డు మీద పోసేది కాదు, తారు లోపలికి ఇంకించేది. 100 కిలోల రోడ్డులో 95 కిలోల దాకా కంకరా రాతిపొడీ ఉంటే, తారు 5 కిలోలే, అంతా దాని పట్టు మీదే నిలబడుతుంది. ముడిచమురులోంచి పెట్రోలు, డీజిలు అన్నీ తీసేశాక అడుగున మిగిలే మడ్డి అది. మద్రాసు పక్కన మణలిలో, అటు విశాఖలో ఉన్న చమురు శుద్ధి కర్మాగారాల్లో అలాగే తీస్తారు. కలిపే నూనె ఆ 5 కిలోల తారులో నూటికి కొద్ది పాళ్ళు, అంటే మామూలుగా పావుకిలో లోపు. అది కాస్తా తారులో కలిసిపోయాక పైన జారడానికి ఏముంటుంది?

మరి ఎందుకు కలపడం? మా తాత కిర్రు చెప్పుల సంగతి చెబితే మీకు తెలుస్తుంది. మందపాటి తోలు, ఆయన వీధి మొదట్లో ఉండగానే కిర్రు కిర్రుమని వినపడేవి, మేం గోళీలు దాచేసి పుస్తకాలు తెరిచేవాళ్ళం. రోహిణి కార్తె వచ్చేసరికి ఆ తోలు ఎండి బిగుసుకుపోయి, మడిమ దగ్గర చీలికలు వచ్చేవి. తాత వాటిని పారేయడు. ఎండలో పెట్టి వేడెక్కాక కోడి ఈకతో ఆముదం రాసేవాడు, తోలు తాగుతుంటే మళ్ళీ రాసేవాడు, సాయంత్రానికి అవి వంచితే వంగేవి. ఒకసారి మా పెద్దనాన్న కొడుకు తాతకి సాయం చేద్దామని బుడ్డిలో ఉన్న ఆముదమంతా గుమ్మరించాడు. చెప్పులు సాగి వదులైపోయి, తాత సంతలో ఒక చెప్పు కాలికీ ఒకటి చేతికీ పెట్టుకుని ఇంటికొచ్చాడు. వాడికి ఆ రోజు అన్నం ఆలస్యంగా దొరికింది.

తారుదీ అదే కథ. కంకరతో కలిపేటప్పుడు 150 డిగ్రీల దాకా కాగుతుంది, ఆ కాసేపటికే దానికి చాలా వయసు మీద పడుతుంది, మిగతాది ఏళ్ల తరబడి ఎండా గాలీ చూసుకుంటాయి. లోపల ఉన్న పలచటి జిడ్డు భాగం తగ్గి, గట్టి భాగం పెరిగి పెళుసెక్కుతుంది. అప్పుడు లారీ ఎక్కితే వంగకుండా చీలుతుంది, చీలికలో వాన నీళ్ళు దిగుతాయి, గొయ్యి పడుతుంది. మొక్కల నూనె ఆ బిగుసుకున్న భాగాల మధ్యకి దూరి వాటిని సడలిస్తుంది. ఎక్కువైతే మా అన్న చేసిన పనే, ఎండాకాలం లారీ టైర్ల కింద రోడ్డు కాలవల్లా కుంగుతుంది. ఇక్కడి దాకా చెప్పులతో లాక్కొచ్చాను గానీ, తోలు కరగదు, తారు కరుగుతుంది, అందుకే పాత రోడ్డుని గీకి, కాచి, కొత్త రోడ్డుగా పరవొచ్చు. తాత చెప్పులకి ఆ యోగం లేదు.

అమెరికాలో అయోవా అని సోయా బాగా పండే రాష్ట్రం ఉంది, అక్కడి స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు సోయానూనెతో దీని మీద చాలా పని చేశారు. పైన్ కలపని ఉడికించి కాగితం గుజ్జు చేసేటప్పుడు వచ్చే నూనె, వాడేసిన వంటనూనె, జీడిగింజ పెంకులోని నూనె కూడా పరీక్షించి చూశారు. వేటపాలెం వైపు జీడిగింజలు కొట్టేవాళ్ళని అడగండి, ఆ పెంకు నూనె తగిలితే చెయ్యి ఎలా పొక్కుతుందో చెబుతారు. మన దేశంలో 2024 డిసెంబరులో నాగపూర్ దగ్గర మన్సర్ దారిలో ఒక కిలోమీటరు ముక్క వేశారు, అందులో కలిపింది నూనె కాదు, మొక్కల్లోంచి తీసిన లిగ్నిన్, అంటే కర్రకి గట్టిదనం ఇచ్చే పదార్థం. ఆ సంగతి ఇంకో ఉత్తరంలో రాస్తాను.

నన్నడిగితే మన వేరుశనగ నూనె మాత్రం రోడ్డుకి వద్దు. తినే నూనెలో సగానికి పైగా బయట దేశాల నుంచి తెచ్చుకుంటున్నాం. మిరపకాయ బజ్జీలు వేసీ వేసీ నల్లబడిన నూనె ఉంది చూడండి, అది మన కడుపులోకి పోయే బదులు రోడ్డు కడుపులోకి పోతే రెండు విధాలా మేలు. కాకపోతే తెచ్చింది తెచ్చినట్టు పోయకూడదు, నూనెకీ గాలి తగిలితే చెడే గుణం ఉంది, మూత తీసిన డబ్బా వాసన మీకు తెలుసు కదా. శుద్ధి చేసి, మార్చి, తారుకి రాతి మీద పట్టు తగ్గుతుందేమో పరీక్ష పెట్టి మరీ వాడాలి.

సెలవు రోజు మీ నాన్నని తీసుకుని ఊరి పాత రోడ్డు దాకా వెళ్ళండి. బండ్లు తిరిగే చోట కాదు, అంచున. గోతి పక్కన ఊడిన పెళ్ల ఒకటి తీసుకుని రాయి మీద కొట్టి విరవండి. పైన బూడిద రంగు, లోపల నలుపు కనిపిస్తాయి. మధ్యాహ్నం ఎండలో ఒక పెళ్ల, పొద్దున చల్లగా ఉన్నప్పుడు ఇంకో పెళ్ల విరిచి, ఏది సులువుగా విరిగిందో నాకు రాయండి.

మీ తాత