గ్రహం ఫలం ఇస్తుందా, చూపిస్తుందా?

"శని పట్టి పీడిస్తున్నాడు" అనే మాట వినని వాళ్లుండరు. కష్టాన్ని గ్రహమే తెచ్చి మీద పడేస్తోందన్న నమ్మకం ఆ మాటలో ఉంది. జ్యోతిషాన్ని సాధనగా చేపట్టిన ఉపాసకులు దీన్ని ఒప్పుకోరు. గ్రహం ఫలం ఇవ్వదు, మనం వెంట తెచ్చుకున్న ఫలాన్ని చూపిస్తుందంతే అంటారు. గ్రహాలు కారకాలా, సూచకాలా అన్న ఈ వాదన చాలా పాతది. ఇవాళ పరిహారాల పేరుతో జరుగుతున్నదంతా అర్థం కావాలంటే దాని వెనక కథ తెలియాలి.

వేదకాలంలో ఈ ప్రశ్నే లేదు. లగధుడి పేరుతో ఉన్న వేదాంగ జ్యోతిషం యజ్ఞాలు ఏ వేళకు చెయ్యాలో లెక్కగట్టే చిన్న గ్రంథం. ఋగ్వేద పాఠంలో 36 శ్లోకాలే ఉన్నాయి. అందులో లగ్నం (పుట్టిన వేళకు తూర్పున ఉదయించే రాశి) లేదు, పన్నెండు రాశులు లేవు, ఎవరి జాతకమూ లేదు. ఉన్నవి నక్షత్రాలు. నక్షత్రాలంటే దేవతల ఇళ్లని తైత్తిరీయ బ్రాహ్మణం చెబుతుంది. కృత్తికకు అగ్ని, రోహిణికి ప్రజాపతి, ఆర్ద్రకు రుద్రుడు, మఖకు పితృదేవతలు. ఏ నక్షత్రానికి ఆ దేవతను పిలిచి ఇష్టి, అంటే చిన్న యజ్ఞం, చేసేవారు. ఆకాశం అప్పట్లో ఆరాధించడానికే గాని, ఉద్యోగం ఎప్పుడొస్తుందని అడగడానికి కాదు. అడిగేవాళ్లు ఆ తర్వాత తయారయ్యారు. అతిగా నక్షత్రాలు చూసుకునే అమాయకుడి చేతికి సంపద చిక్కదని, తారకలేం చేస్తాయని కౌటిల్యుడి అర్థశాస్త్రం మందలించింది.

రాశులూ లగ్నమూ భావాలతో (జాతకంలోని పన్నెండు ఇళ్లతో) కూడిన జాతక పద్ధతి గ్రీకుల నుంచి వచ్చింది. ఇందులో దాచాల్సిందేమీ లేదు. 6వ శతాబ్దపు జ్యోతిష పండితుడు వరాహమిహిరుడే దాచలేదు. యవనులు (గ్రీకులు) మ్లేచ్ఛులైనా ఈ శాస్త్రం వాళ్ల దగ్గర బాగా ఉంది కాబట్టి వాళ్లూ ఋషుల్లా పూజలందుకుంటున్నారన్న మాట ఆయన బృహత్సంహితలో ఉంది. అంతా వేదాల్లోనే ఉందని పట్టుబట్టేవాళ్లు ఈ శ్లోకాన్ని ఒకసారి చదవాలి. అయితే బయటి నుంచి వచ్చిన ఆ లెక్కకు ఇక్కడివాళ్లు తమ ప్రాణం పోశారు. ఆ ప్రాణం కర్మ, పునర్జన్మ. వేరే జన్మలో కూడబెట్టుకున్న మంచిచెడుల పరిపాకాన్ని, చీకట్లో వస్తువులను దీపం చూపినట్టు ఈ శాస్త్రం చూపిస్తుందని వరాహమిహిరుడిదే అయిన లఘుజాతకం అంటుంది. నా దృష్టిలో జ్యోతిషంలోని ఆధ్యాత్మికత మొత్తం ఈ ఒక్క శ్లోకంలో ఉంది. దీపం వస్తువును పుట్టించదు కదా.

మరి శాంతులు ఎక్కడి నుంచి వచ్చాయి? యాజ్ఞవల్క్య స్మృతిలో గ్రహశాంతికి ఒక ప్రకరణమే ఉంది. సూర్యుడి ప్రతిమ రాగితో, చంద్రుడిది స్ఫటికంతో, కుజుడిది ఎర్రచందనంతో, శనిది ఇనుముతో చెయ్యాలి. హోమానికి సూర్యుడికి జిల్లేడు, చంద్రుడికి మోదుగ, కుజుడికి చండ్ర, బుధుడికి ఉత్తరేణి, గురువుకి రావి, శుక్రుడికి మేడి, శనికి జమ్మి, రాహువుకు గరిక, కేతువుకు దర్భ. నవగ్రహ హోమంలో పురోహితులు ఈనాటికీ అడిగేది ఈ సమిధలనే. రాజుల ఎదుగుదల, పతనం గ్రహాల చేతిలో ఉన్నాయని కూడా ఆ స్మృతి అంటుంది. అంటే ఇక్కడ గ్రహం దేవత అయింది, ఫలం ఇచ్చేదీ అయింది. కానీ పురుషప్రయత్నం లేకుండా దైవం ఫలించదని చెప్పిందీ ఆ స్మృతే. మొదటి మాట జనంలో నిలిచిపోయింది, రెండో మాట పక్కకు పోయింది.

జైమిని సూత్రాల సంప్రదాయం ఇంకో దారి పట్టింది. తానున్న రాశిలో ఎక్కువ డిగ్రీలు నడిచిన గ్రహాన్ని ఆత్మకారకుడని పిలిచి, అది నవాంశలో (ఒక్కో రాశిని తొమ్మిది భాగాలు చేసి వేసే చక్రంలో) ఉన్న రాశికి పన్నెండో స్థానం నుంచి ఇష్టదైవాన్ని చూస్తారు. అక్కడ జాతకం చూసేది ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి కాదు, ఎవరిని కొలవాలో తెలుసుకోవడానికి.

ఆ భావనకు గొప్ప రూపం సంగీతంలో దొరికింది. శ్రీవిద్య అనే దేవీ ఉపాసన చేసిన ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) ఏడు వారాల గ్రహాల మీద కర్ణాటక సంగీతంలోని ఏడు సూళాది తాళాల్లో కృతులు కట్టారు. కడుపునొప్పితో బాధపడుతున్న శిష్యుడి జాతకంలో గురుడు బాగాలేడని గమనించి, అఠాణా రాగంలో 'బృహస్పతే' కట్టి పాడుకోమన్నారని సంప్రదాయం చెబుతుంది. దానం, దక్షిణ ఏమీ లేదు. శిష్యుడు చెయ్యాల్సిందల్లా రోజూ పాడటమే.

2001లో యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) విశ్వవిద్యాలయాల్లో జ్యోతిష కోర్సులకు దారి తెరిచినప్పుడు శాస్త్రవేత్త పి.ఎం. భార్గవ కోర్టుకెక్కారు. 2004లో సుప్రీంకోర్టు ఆ కేసు కొట్టేసింది. ఇది సైన్సా, మూఢనమ్మకమా అన్నదాని చుట్టూనే అప్పుడు చర్చంతా తిరిగింది. ఉపాసకుల మాట ఎవరికీ పట్టలేదు. ఈలోగా 'ఫలం ఇచ్చే గ్రహం' ఫోన్లలోకి, టీవీల్లోకి వచ్చేసింది, టెన్షన్ పెట్టి మరీ పరిహారాలు అమ్ముతోంది. ఇప్పుడు చాలామందిని భయపెడుతున్నది కాలసర్ప దోషం, అంటే గ్రహాలన్నీ రాహుకేతువుల మధ్య ఉండటం. వరాహమిహిరుడి బృహజ్జాతకంలో దాని ప్రస్తావనే లేదు. ఆ దోషం ఉందని చెప్పి శాంతికి తేదీ పెట్టేవాళ్లను, ఏ గ్రంథంలో ఏ శ్లోకమో చూపించమని మర్యాదగానే అడగొచ్చు.