నూకల మీద ఎర్ర బూజు: శిలీంధ్రాల రంగుల వెనుక కథ

ఎనుమాముల మిర్చి యార్డులో బేరం రంగుతోనే మొదలవుతుంది. వ్యాపారి బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి చూస్తాడు. నిగనిగలాడే ఎరుపైతే ఒక ధర, తెల్లబడి తాలైతే ఇంకో ధర. 2025లో జీఐ (ఫలానా ఊరి సరుకు అనే భౌగోళిక గుర్తింపు) దక్కిన వరంగల్ చపాట మిర్చికి గిరాకీ తెచ్చేది కూడా ఎక్కువగా రంగే. టమాటా మిర్చి అని పిలిచే ఈ కాయలో కారం తక్కువ. దీని నుంచి తీసే ఓలియోరెసిన్ అనే చిక్కటి సారాన్ని తినే పదార్థాల్లో రంగు కోసం వాడతారు.

రంగుకు అంత విలువ ఉన్నచోట కల్తీ కూడా చేరుతుంది. 2003లో మన దేశం నుంచి వెళ్లిన కారంలో సుడాన్-1 దొరికిందని ఫ్రాన్స్ యూరప్ దేశాలను హెచ్చరించింది. మైనానికి, షూ పాలిష్‌కు వేసే రంగు అది. 2005లో ఇదే రంగు కలిసిన కారంతో చేసిన సాస్ వల్ల బ్రిటన్‌లో వందల రకాల ఆహార ప్యాకెట్లు దుకాణాల నుంచి వెనక్కి పోయాయి. 2024లో పీచుమిఠాయిలో రోడమైన్-బి అనే బట్టల రంగు బయటపడి తమిళనాడు నిషేధం పెట్టింది. గోబీ మంచూరియాలో కృత్రిమ రంగులు వేయొద్దని కర్ణాటక కూడా ఆదేశించింది. ఇవన్నీ తయారుచేసిన రంగులే. 1856లో విలియం పెర్కిన్ బొగ్గు తారు నుంచి ఊదారంగు తీసినప్పుడు మొదలైన దారి ఇక్కడిదాకా వచ్చింది.

మరి సహజమైన రంగులు? మొక్కల నుంచి తీయాలంటే పొలం కావాలి, వాన కావాలి, పంట చేతికి వచ్చేదాకా ఆగాలి. శిలీంధ్రానికి ఆ బాధ లేదు. ట్యాంకులో పోసి తిండి పెడితే కొద్ది రోజుల్లోనే రంగు తయారు చేస్తుంది. మనం బూజు అని దులిపి పారేసేది, పుట్టకొక్కులు అని వండుకునేది, అంతా ఈ కుటుంబమే.

బి-కాంప్లెక్స్ మాత్ర వేసుకున్న రోజు మూత్రం చిక్కటి పసుపుగా వస్తే కంగారు పడేవాళ్లను చూస్తుంటాం. ఆ పసుపు రైబోఫ్లేవిన్‌ది, అంటే బి2 విటమిన్‌ది. దాన్ని పెద్ద ఎత్తున తయారు చేసే జీవుల్లో ఆష్‌బ్యా గాసిపి అనే శిలీంధ్రం ఒకటి. పత్తికాయల్లో చేరి దూదికి మచ్చలు తెచ్చే తెగులుగా 1926లో దీన్ని వర్ణించారు. పత్తి రైతుకు శత్రువే, కానీ 1990 నుంచి జర్మనీ కంపెనీ బీఏఎస్‌ఎఫ్ దీనితోనే విటమిన్ తయారు చేస్తోంది. క్యారెట్ రంగైన బీటా కెరోటిన్‌ను కూడా బ్లేక్స్‌లియా ట్రైస్పోరా అనే బూజుతో తీస్తున్నారు. రైబోఫ్లేవిన్, కెరోటిన్ రెండూ మన ఆహార చట్టం ఒప్పుకున్న సహజ రంగులే.

నారింజ రంగు చూడాలంటే వానాకాలంలో ఉడకబెట్టిన మక్క కంకులు తిని పారేసిన చోటికి వెళ్తే చాలు. గింజలు పోయిన బెండుకు పిండిలాంటి పూత పట్టి ఉంటుంది, ముట్టుకుంటే వేలికి అంటుతుంది. అది సాధారణంగా న్యూరోస్పోరా. ఇండోనేషియాలో దీన్ని నూనె తీశాక మిగిలిన పల్లి చెక్క మీద పెంచి ఒంచోమ్ అనే వంటకం చేసుకుని తింటారు.

చిక్కు వచ్చేది ఎరుపు దగ్గరే.

చైనాలో శతాబ్దాలుగా బియ్యానికి మొనాస్కస్ అనే బూజు పట్టించి ఎర్ర బియ్యం చేస్తున్నారు. 1637 నాటి ఒక చైనా గ్రంథంలో ఆ పద్ధతి వివరంగా ఉంది. బియ్యం నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, చల్లారాక బూజు విత్తనం కలిపి, గాలి ఆడేలా పలచగా పరిచి, మధ్య మధ్య తిరగేస్తారు. ముందు తెల్లటి నూగు వస్తుంది. అది నారింజకు తిరిగి చివరికి ముదురు ఎరుపు అవుతుంది, గింజ లోపలిదాకా. సారాకు, మాంసానికి, సోయా పనీర్‌కు ఆ రంగే. 1979లో జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో ఈ జాతి బూజులోనే కొలెస్ట్రాల్ తగ్గించే పదార్థాన్ని కనుగొన్నాడు. మందుల షాపులో లోవాస్టాటిన్ పేరుతో దొరికేది అదే.

1995లో ఫ్రాన్స్ పరిశోధకులు ఇదే బూజు సిట్రినిన్ అనే విషాన్ని కూడా తయారు చేస్తుందని తేల్చారు. అది కిడ్నీలను దెబ్బతీస్తుంది. ఎర్ర బియ్యంతో చేసిన మాత్రల్లో సిట్రినిన్ కిలోకు 2,000 మైక్రోగ్రాములు దాటొద్దని యూరప్ 2014లో పెట్టిన హద్దును తర్వాత 100కు కుదించింది. యూరప్, అమెరికాల్లో ఈ ఎర్ర బియ్యాన్ని ఆహార రంగుగా ఒప్పుకోలేదు. జపాన్‌లో కొబయాషి కంపెనీ ఎర్ర బియ్యం మాత్రలు వాడినవాళ్లలో కొందరి కిడ్నీలు దెబ్బతిన్నాయని 2024 మార్చిలో బయటపడింది. అక్కడ పట్టుబడింది సిట్రినిన్ కూడా కాదు. తయారీలో దూరిన నీలి బూజు వదిలిన ప్యూబెరులిక్ ఆమ్లం.

అందుకే, కరీంనగర్, పెద్దపల్లి రైస్ మిల్లుల్లో నూకలు బోలెడు ఉన్నాయి కదా, షెడ్డు వేసి ఎర్ర బూజు పెంచితే లాభమే అనేవాళ్లతో నేను ఏకీభవించను. ముడిసరుకు చవకే, కానీ ప్రతి బ్యాచ్‌కూ విష పరీక్ష చేయాలి. ఆ ఖర్చు ఎవరూ లెక్కలో వేయరు. బూజు విషాల మీద ఏళ్ల తరబడి పనిచేసిన వృక్షశాస్త్ర విభాగం కాకతీయ విశ్వవిద్యాలయంలోనే ఉంది. ముందు అక్కడ అడిగితే మంచిది.

బట్టల సంగతి వేరు. పుట్టగొడుగుల రంగులు ఉన్ని, పట్టు మీద బాగా పడతాయి, నూలు మీద అంతగా నిలవవు. 2018లో జీఐ వచ్చిన వరంగల్ దర్రీలు ఎక్కువగా నూలువి కాబట్టి రంగు దారానికి అంటుకునేలా పటిక, కరక్కాయ లాంటి వాటితో కట్టు గట్టిగా పడాలి. పైగా మొనాస్కస్ ఎరుపు ఎండకు వెలుస్తుంది. వరంగల్ కొత్తవాడ నేతగాడు కొనేవాడికి రంగు పోదని భరోసా ఇవ్వాలి కదా.

డెన్మార్క్ పరిశోధకులు టాలరోమైసిస్ అట్రోరోసియస్ అనే మరో శిలీంధ్రంలో సిట్రినిన్ లేని ఎరుపును పట్టుకున్నారు. ఇలాంటి వాటికి ఇప్పుడు తొందర ఎక్కువైంది. 2025 జనవరిలో అమెరికా ఎరిత్రోసిన్ అనే కృత్రిమ ఎరుపును రద్దు చేసి, ఆహార కంపెనీలకు 2027 జనవరి 15 దాకా గడువిచ్చింది. మన ఆహార చట్టం అనుమతించిన 8 కృత్రిమ రంగుల్లో ఎరిత్రోసిన్ కూడా ఒకటి.