పక్షవాతం చెయ్యీ కాలుతో ఆగదు: ఒక ఫిజియోథెరపిస్టు చెప్పే అపోహలు - వాస్తవాలు

అపోహ: పక్షవాతం అంటే ఒక చెయ్యీ కాలూ పడిపోవడమే.

వాస్తవం: గుండె వేగం, బీపీ, చెమట, మూత్రం, విరేచనం మన ప్రమేయం లేకుండానే నడుస్తాయి. వాటిని నడిపే అటానమిక్ నాడులకూ పైఅధికారి మెదడే. లోపల ఇన్సులా అనే చోటో, మెదడు కాండమో దెబ్బతింటే అవీ గాడి తప్పుతాయి. మొదటి రోజుల్లో గుండెకు మానిటర్ పెట్టేది ఒక రకంగా అందుకే.

అపోహ: బీపీ 190 ఉంటే వెంటనే నాలుక కింద మాత్ర పెట్టాలి.

వాస్తవం: దయచేసి పెట్టకండి. రక్తం గడ్డకట్టి వచ్చిన పక్షవాతంలో, గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వకపోతే, సాధారణంగా 220/120 దాకా బీపీ జోలికి పోరు. ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185/110 లోపు ఉండాలి. గడ్డా, రక్తస్రావమా అన్నది స్కాన్ తీస్తేనే తెలుస్తుంది. మింగడం కూడా దెబ్బతిని ఉండొచ్చు, నోట్లో ఏమీ వేయకుండా 108కి ఫోన్ చేయండి. ఆ ఇంజెక్షన్‌కు గడువు సాధారణంగా లక్షణాలు మొదలైనప్పటి నుంచి నాలుగున్నర గంటలే.

అపోహ: ఒకవైపే చెమట పడితే గాలి సోకినట్టు.

వాస్తవం: అదీ నాడుల పనే. పక్షవాతానికి పావురం రక్తం పూయడం లాంటివి ఇంకా చూస్తున్నాను, ఏం చెప్పమంటారు.

అపోహ: నిలబెట్టగానే కూలబడితే మొండితనం.

వాస్తవం: నాకు ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. గుంటూరు బ్రాడీపేటలో ఒక మామ్మగారి కొడుకు, "టిఫిన్ తిన్నాక కూడా లేవదండీ, అంతా భయం" అన్నాడు. పడుకోబెట్టి చూస్తే బీపీ 142/84. నిలబెట్టిన రెండు నిమిషాలకు 108/66. "కళ్లకు పొగ కమ్మినట్టుంది నాయనా" అందావిడ. లేచిన మూడు నిమిషాల్లో పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే అది భయం కాదు, చాలాసార్లు నాడులు రక్తనాళాలను బిగించలేకపోవడం. తిన్న వెంటనే కొందరికి ఇంకా తగ్గుతుంది, మన మే ఎండల్లో నీళ్లు చాలకపోతే సరేసరి.

వ్యాయామం టిఫిన్‌కు ముందుకు మార్చాం. మంచం అంచున ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, పాదాలు పైకీ కిందికీ ఆడించాకే లేపుతున్నాం. అంకెలు రాసి డాక్టరుకు పంపితే ఆయన ఒక మాత్ర వేళ మార్చారు. మీ అంతట మీరు మాత్రలు ఆపకండి.

అపోహ: పక్క తడిపేది కావాలనే.

వాస్తవం: కాదు. ఎప్పుడూ డైపర్‌లోనే ఉంచేయకుండా, రెండు గంటలకోసారి బెడ్‌పాన్ పెట్టి చూడండి. మూత్రం బొత్తిగా రాక పొట్ట కింద ఉబ్బితే మాత్రం అదే రోజు డాక్టరు దగ్గరికి వెళ్లాలి.