బానిసలకి ఐదింట మూడు వంతుల ఓటా? అపోహలు - వాస్తవాలు

గ్రూప్స్, సివిల్స్ పిల్లలకి ప్రపంచ చరిత్ర చెబుతూ పద్నాలుగేళ్లయింది. అమెరికా రాజ్యాంగం మీద టెస్టు పెట్టిన ప్రతిసారీ కొన్ని పేపర్లలో అచ్చు గుద్దినట్టు ఒకటే వాక్యం: "బానిసలకు ఐదింట మూడు వంతుల ఓటు ఇచ్చారు." ఫోన్లలో తిరిగే ఏదో పీడీఎఫ్‌లోంచి వచ్చిన మాట. రాసిందెవరో తెలియదు, సరిచూసేవాళ్ళు లేరు. దయచేసి దాన్ని ఇక ఎవరికీ పంపకండి.

బానిసలకి ఓటు లేదు. వందో వంతు కూడా లేదు. అమెరికా పార్లమెంటులోని ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని సీట్లో తేల్చడానికి జనాభాలో వాళ్ళని ఎంతమందిగా కట్టాలన్నదే ఆ లెక్క. ఐదుగురు బానిసలని ముగ్గురిగా కట్టారు, అంతే.

ఇంతకంటే ఎక్కువ మార్కులు పోయే తప్పు ఇంకోటుంది. దక్షిణాది యజమానులు బానిసల లెక్క తగ్గించమన్నారనీ, ఉత్తరాది వాళ్ళు పోరాడి మూడు వంతులైనా ఇప్పించారనీ రాస్తారు. ఇది పూర్తిగా తలకిందులు. 1787లో రాజ్యాంగం రాయడానికి ఫిలడెల్ఫియాలో జరిగిన సభలో బానిసలని పూర్తిగా లెక్కపెట్టాల్సిందేనని పట్టుబట్టింది సౌత్ కరోలినా నుంచి వచ్చిన పియర్స్ బట్లర్, పింక్నీ. మీరు ఆస్తిగా చూసేవాళ్ళకి సీట్లిస్తే మా పశువులకి ఎందుకివ్వరని అడిగింది మసాచుసెట్స్ ప్రతినిధి ఎల్‌బ్రిడ్జ్ గెర్రీ. అంతకు నాలుగేళ్ళ ముందు, 1783లో, రాష్ట్రాల మీద పన్ను వాటాలు జనాభాని బట్టి వేద్దామన్నప్పుడు ఇదే దక్షిణాది లెక్క తగ్గించమంది. ఐదింట మూడు అన్న అంకె పుట్టింది అక్కడే. పన్ను దగ్గర తక్కువ మంది, సీట్ల దగ్గర ఎక్కువ మంది.

కిందటేడు ఒకమ్మాయి క్లాసయ్యాక పేపరు పట్టుకుని వచ్చింది. పదిహేనుకి మూడు. "పీడీఎఫ్‌లో అలాగే ఉంది సార్" అంటుంటే గొంతు వణుకుతోంది. మూడో అటెంప్ట్, ఇంట్లో పెళ్ళి ఒత్తిడి, ఆ టెన్షన్ నాకు తెలుసు. కూర్చోమ్మా అని, పేపరు వెనక రెండు గడులు గీశాను. 1790 జనాభా లెక్కల్లో స్వేచ్ఛ ఉన్నవాళ్ళు పెన్సిల్వేనియాలో సుమారు 4 లక్షల 30 వేలు, వర్జీనియాలో 4 లక్షల 55 వేలు. దాదాపు సమానం. అయితే వర్జీనియాలో బానిసలు మరో 2 లక్షల 92 వేలు, పెన్సిల్వేనియాలో 4 వేలు కూడా లేరు. బానిసల్ని ఐదింట మూడు వంతులే కలిపి, 33 వేలమందికి ఒక సీటు. నువ్వే కట్టు అన్నాను. పెన్సిల్వేనియాకి 13 వచ్చాయి, వర్జీనియాకి 19. నిజంగా ఇచ్చినవీ అవే. బానిసల్ని తీసేసి కడితే వర్జీనియాకీ 13 దగ్గరే ఆగింది.

రేషన్ కార్డులో అందరి పేర్లూ చూపించి బియ్యం తెచ్చుకుని, వాళ్ళకి మెతుకు పెట్టకపోవడం లాంటిది. ఆ అమ్మాయి కాసేపు అంకెల వంకే చూసి, "అయితే వాళ్ళని అసలు లెక్కపెట్టకపోతేనే వాళ్ళకి మేలా సార్?" అంది. ఆ ప్రశ్న ఆన్సర్లో రాసి ఉంటే పూర్తి మార్కులు వేసేవాణ్ణి. జనాభాని బట్టి సీట్లంటే ఏమవుతుందో నియోజకవర్గాల పునర్విభజన గొడవ వింటున్న మనకి ఒకరు చెప్పక్కర్లేదు.

అధ్యక్షుణ్ణి ఎన్నుకునే ఎలక్టోరల్ ఓట్లు కూడా ఈ సీట్లని బట్టే. 1800 ఎన్నికల్లో దక్షిణాది వర్జీనియాకి చెందిన థామస్ జెఫర్సన్‌కి 73, ఉత్తరాది వాడైన అప్పటి అధ్యక్షుడు జాన్ ఆడమ్స్‌కి 65. బానిసల లెక్క లేకపోతే ఆడమ్స్ గెలిచేవాడని చాలామంది చరిత్రకారుల అంచనా.

పేపర్లలో కనిపించే మిగతా తప్పులు గబగబా చెప్పేస్తాను. రాజ్యాంగం రాసింది జెఫర్సన్ కాదు, అప్పుడాయన పారిస్‌లో రాయబారి. తొలి ఆర్థిక మంత్రి అలెగ్జాండర్ హామిల్టన్ ఎప్పుడూ అధ్యక్షుడు కాలేదు. రిపబ్లికన్లని పిలిచిన జెఫర్సన్ పార్టీ వేరు, 1854లో పుట్టిన ఇప్పటి రిపబ్లికన్ పార్టీ వేరు.

ఆ రోజుల్లో అమెరికాలో ఆడవాళ్ళకి ఎక్కడా ఓటు లేదన్నదీ తప్పే. ఓటు ఎవరికన్నది రాష్ట్రాలకే వదిలేశారు. న్యూజెర్సీ 1776 రాజ్యాంగం 50 పౌండ్ల ఆస్తి ఉన్న నివాసులందరికీ అంది. పెళ్ళైన ఆడదాని ఆస్తి భర్తదే కాబట్టి వితంతువులు, పెళ్ళికానివాళ్ళు వెళ్ళి ఓటేశారు. 1807లో శాసనసభ చట్టం చేసి దాన్ని తెల్లజాతి మగవాళ్ళకే పరిమితం చేసింది. వచ్చే టెస్టులో ఇదే అడుగుతున్నాను.