గాలింపు జాగిలాల ప్రథమ చికిత్స: అపోహలు - వాస్తవాలు

శిథిలాల మీద పనిచేసే కుక్కకు జీతం ఒక రబ్బరు బంతి. ఆ బంతి కోసం అది కాలు తెగినా ఆగదు, ఒళ్లు సలసల కాగుతున్నా ఆగదు. ఇంట్లో పెరిగే కుక్కకు ముల్లు గుచ్చుకుంటే మూడు కాళ్ల మీద కుంటుతూ వచ్చి పాదం మన ఒడిలో పెడుతుంది. గాలింపు జాగిలం అలా రాదు. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తర్వాత నూర్దాగిలో ఆరేళ్ల పాప సజీవంగా ఉందని ఎన్డీఆర్‌ఎఫ్ (జాతీయ విపత్తు ప్రతిస్పందన దళం) లాబ్రడార్ జూలీ పసిగడితే, రోమియో అనే మరో జాగిలం దాన్ని ధ్రువీకరించింది. ఇలాంటి కుక్కలను ఎంపిక చేసేదే వాటి మొండి పట్టుదల చూసి. వైద్యుడికి తలనొప్పి తెచ్చేదీ ఆ పట్టుదలే.

నేను పశువైద్యుణ్ని. జాగిలాల బృందాల వెంట మైదానాల్లో తిరిగిన ఇన్నేళ్లలో అసలు దెబ్బకన్నా, దెబ్బ తగిలాక ప్రేమ కొద్దీ చేసిన వైద్యం వల్ల కలిగిన నష్టమే ఎక్కువసార్లు చూశాను. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: అలసిపోతేనో నొప్పి పుడితేనో కుక్కే పని ఆపేస్తుంది.

ఒకసారి కూల్చివేసిన పాత భవనం మీద శిక్షణ జరుగుతోంది. మాలినోయి జాతి కుక్క, రెండేళ్లుంటాయి. దాక్కున్న మనిషిని కనిపెట్టి స్లాబు అంచున నిలబడి ఆపకుండా మొరుగుతోంది. దాన్ని నడిపించే హ్యాండ్లర్ మురిసిపోతూ బంతి విసిరాడు. అది వచ్చిన దారిలో సిమెంటు మీద అడుగడుక్కీ ఎర్రటి మరకలు కింద నిలబడ్డ నాకు కనిపించాయి. ముందుకాలి పాదం అడుగున ఉండే మెత్త సగం తెగి వేలాడుతోంది. ఆ కాలితోనే బంతి వెంట దూకింది.

కాబట్టి ఆపాల్సింది మనం. పావుగంట, ఇరవై నిమిషాలకోసారి వెనక్కి పిలవాలి, ఎండలో ఇంకా ముందే. నాలుగు పాదాలూ తిప్పి చూడాలి, వేళ్ల సందులతో సహా. పైపెదవి ఎత్తి చిగురును వేలితో నొక్కి వదిలితే, తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు గులాబీ రంగు తిరిగి రావాలి. ఆలస్యమైతే రక్తప్రసరణ తగ్గుతోందని అర్థం. ముక్కు తడిగా ఉందా పొడిగా ఉందా అని తడిమి చూసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ముక్కును వదిలేసి చిగుళ్లు చూడండి.

అపోహ: వేడెక్కిన కుక్క మీద చన్నీళ్లు పోస్తే షాక్ తగిలి చచ్చిపోతుంది.

నేను చదువుకునే రోజుల్లో మాకూ ఇదే చెప్పారు. చన్నీళ్లకు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయని, వేడి లోపలే ఉండిపోతుందని వాదన. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ నీళ్లు లాగేసే వేడి ముందు ఆ ముడుచుకోవడం ఏపాటిది? ఇప్పుడు పాటిస్తున్న నియమం ఒక్కటే: ముందు చల్లార్చు, తర్వాత తరలించు. కుక్క ఒంటికన్నా చల్లగా ఉన్న నీళ్లు ఏవైనా పనికొస్తాయి. బోరు నీళ్లు, కాలువ నీళ్లు, చెరువు నీళ్లు, ఏవి దొరికితే అవి. మినరల్ వాటర్ సీసాల కోసం మనిషిని ఊళ్లోకి పంపి కూర్చోవద్దు.

కుక్క ఒంటి వేడి మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారన్‌హీట్ ఉంటుంది. పరుగులో ఉన్న జాగిలానికి 105, 106 వచ్చినా, అది చురుగ్గా ఉండి మాట వింటుంటే నీడకు తెచ్చి తడిపితే తేరుకుంటుంది. అదే అంకెకు తూలుడు తోడైనా, పిలిస్తే పలకకపోయినా, వాంతి చేసుకున్నా అది వడదెబ్బే. అంతకు ముందే కొన్ని గుర్తులు కనిపిస్తాయి. నాలుక చివర గరిటెలా వెడల్పై పైకి వంగుతుంది, పెదవుల మూలలు వెనక్కి లాక్కుపోతాయి, చొంగ చిక్కబడుతుంది. ఎప్పుడూ వెంటనే కూర్చునే కుక్క రెండోసారి చెబితేగానీ కూర్చోదు. నేను థర్మామీటరు కన్నా ముందు నమ్మేది ఈ చివరి గుర్తునే.

తడి గోనెసంచి కప్పడం మనవాళ్లకు బాగా అలవాటు. ఒక మే నెల మధ్యాహ్నం జీపులో పడుకోబెట్టిన లాబ్రడార్ దగ్గరకు నన్ను పిలిచారు. అరగంటగా తడి గోనె కప్పి ఉంచారట. కింద చెయ్యి పెడితే ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి తగిలింది. థర్మామీటరు 106.4 చూపించింది. పక్క పొలంలో పశువుల నీళ్లతొట్టి ఉంటే ఇద్దరం కుక్కను ఎత్తి మెడ లోతు దించాం. ఒకరు తల పైకి పట్టుకున్నారు, నేను కొలుస్తూ కూర్చున్నాను. పావుగంటకు 103కు దిగింది. అక్కడితో బయటికి తీసేశాం. బయటికి వచ్చాక కూడా వేడి ఇంకొంత పడుతుంది కాబట్టి అంతకన్నా దించాలని చూస్తే అతిచల్లబడే ప్రమాదం ఉంది. తొట్టి దొరకకపోతే చర్మం దాకా తడిసేలా నీళ్లు పోస్తూనే ఉండి విసరాలి. గుడ్డ కప్పి వదిలేస్తే అది దుప్పటిలా పనిచేస్తుంది.

ఆ కుక్క గంటలో లేచి తోక ఊపింది. హ్యాండ్లర్ ఇంటికి తీసుకుపోతానన్నాడు. ఒప్పుకోలేదు. వడదెబ్బ తర్వాత రక్తం గడ్డకట్టే శక్తి దెబ్బతినడం, మూత్రపిండాలు పాడవడం ఒకటి రెండు రోజుల తర్వాత కూడా బయటపడవచ్చు. తేరుకున్నట్టు కనిపించినా ఆసుపత్రికి తీసుకెళ్లాల్సిందే.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయపు పశువైద్య కళాశాలలో పని కుక్కల కేంద్రం ఉంది. అక్కడివారు 2024లో ప్రచురించిన అధ్యయనం నాకు చాలా నచ్చింది. పరుగెత్తి వేడెక్కిన కుక్క తనంతట తానే నీళ్లలో తల ముంచేలా ముందుగా నేర్పితే, మెడకు ఐస్ ప్యాక్ పెట్టడం కన్నా, తడి తువ్వాలు చుట్టడం కన్నా తొందరగా ఒంటి వేడి తగ్గిందట. బకెట్ అడుగున బిస్కెట్ వేసి నేర్పించవచ్చు. అయితే పూర్తి తెలివిలో ఉన్న కుక్కకే ఇది. తూలుతున్నదాని తల బలవంతంగా ముంచితే నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ఎండ లేని చోట వడదెబ్బ ఏమిటని అడుగుతుంటారు. కుక్కకు చెమట పట్టేది పాదాల మెత్తలకే, అదీ నామమాత్రం. వేడి పోవాలంటే అది రొప్పాలి, రొప్పితే నాలుక మీది తడి ఆవిరి కావాలి. ఉక్కపోతలో ఆ తడి ఆవిరి కాదు. అందుకే కాకినాడలో మబ్బు పట్టిన రోజు కూడా నాకు భయమే. 2025లో ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలినప్పుడు గాలింపుకు కేరళ పోలీసు క్యాడవర్ జాగిలాలను, అంటే శవాల వాసన పసిగట్టే కుక్కలను, రప్పించారు. అలాంటి సొరంగాల్లో ఎండ పొడ ఉండకపోవచ్చు గానీ, గాలి ఆడక, తేమ నిండి, రొప్పినా ఫలితం ఉండదు.

అపోహ: శిథిలాల మీద కుక్కకు బూట్లు తొడగాలి.

దాతలు ఎక్కువగా పంపేవి బూట్లే, పెట్టెల్లో మూలుగుతుంటాయి. కుక్క వాలు మీద పట్టు కోసం వేళ్లు విప్పి గోళ్లు దించుతుంది. బూటు వేస్తే ఆ పట్టు పోయి జారి పడుతుంది. చర్మం గీరుకుపోవడం కన్నా పై అంతస్తు నుంచి పడటం పెద్ద ప్రమాదం కాదా? మెడపట్టీ, జీను కూడా ఇనుప చువ్వలకు తగులుకుంటాయని తీసేసి పంపుతారు. కాలే తారు, వేడి బూడిద, పరుచుకున్న గాజుపెంకులు ఉన్నచోట మాత్రం బూట్లు వాడాలి. వాటికీ ముందే అలవాటు చేయాలి.

అపోహ: రక్తం కారుతుంటే పసుపో కాఫీపొడో అద్దాలి.

మన ఇళ్లలో పిల్లల మోకాళ్లకు చేసే వైద్యమే ఇది. నేను ఒక పాదంలోంచి కాఫీపొడి కడగడానికి పది నిమిషాలు పట్టింది. దాని అడుగున గాజుముక్క దొరికింది. శుభ్రమైన కట్టుగుడ్డ (గాజ్) మడత పెట్టి, మధ్యలో ఎత్తి చూడకుండా ఐదు నిమిషాలు గట్టిగా అదమండి. రక్తంతో తడిస్తే దాని మీదే ఇంకో మడత వేయండి. చువ్వో పుల్లో లోతుగా దిగి ఉంటే లాగవద్దు, కదలకుండా చుట్టూ కట్టి తీసుకురండి. పాదానికి కట్టు కడితే మధ్య రెండు వేళ్ల కొసలు బయటికి కనిపించాలి. అవి వాచినా, చల్లబడినా, కట్టు బిగిసిందని అర్థం.

అపోహ: నొప్పికి మన మాత్రే సగం చేసి వేయవచ్చు.

వేయకూడదు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో పుండ్లు చేసి మూత్రపిండాలను దెబ్బతీస్తాయి. పారాసెటమాల్ కాలేయానికీ రక్తానికీ చేటు. పశువైద్యంలో డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించింది రాబందులను కాపాడటానికి, కానీ హ్యాండ్లర్ల జేబుల్లోంచి అది ఇంకా పోలేదు. నీళ్లలో కలిపే ఎలక్ట్రోలైట్ పొడి డబ్బా మీద జైలిటాల్ అనే తీపి పదార్థం పేరు ఉంటే ఆ డబ్బా కుక్క దగ్గరకు రానివ్వకండి, అది రక్తంలో చక్కెరను ఒక్కసారిగా పడేస్తుంది.

అపోహ: నా కుక్క నన్ను కరవదు.

నా ఎడమచేతి మీద నాలుగు కుట్లున్నాయి. కరిచింది నేను పాలసీసాతో పెంచిన కుక్కే, విరిగిన కాలిని నేను కదిపినప్పుడు. దాని తప్పేమీ లేదు. ఎద్దుల మూతికి చిక్కం వేసినట్టు గాజ్ గుడ్డ పట్టీతో మూతి కట్టి ఆ తర్వాతే గాయం ముట్టుకోండి. వాంతి చేసుకుంటున్నప్పుడు, ఊపిరి అందనప్పుడు, వడదెబ్బలో మాత్రం మూతి కట్టకూడదు.

అపోహ: పాము కరిస్తే పైన బిగించి కట్టి, కోసి రక్తం తీసేయాలి.

తాడు కడితే కాలు కుళ్లుతుంది, కోస్తే రక్తం ఆగదు. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర విషాలకు మనుషులకు ఇచ్చే విరుగుడు మందే కుక్కకూ పనిచేస్తుంది. కుక్క చిన్నదని మందు తగ్గించరు, ఎందుకంటే లోపలికి పోయిన విషం చిన్నది కాదు. నడిపించకుండా ఎత్తుకుని పరుగెత్తండి. కట్లపాము కాటుకు వాపు ఉండకపోవచ్చు, గాటు కూడా దొరకకపోవచ్చు.

విషం తిన్నదని ఉప్పునీళ్లు తాగించడం గురించి ఒక్కమాట: ఆ ఉప్పే కుక్కను చంపగలదు. పొట్ట ఉబ్బి, వాంతికి ప్రయత్నిస్తూ ఏమీ రాకపోతే సోడా పట్టించవద్దు. ఛాతీ లోతుగా ఉండే కుక్కల్లో అది జీర్ణాశయం మెలిపడటం కావచ్చు. దానికి శస్త్రచికిత్స తప్ప దారి లేదు.

అపోహ: గుండె ఆగిన కుక్కకు చేయగలిగింది ఏమీ లేదు.

బతికే అవకాశం తక్కువే, దాచను. అయినా పద్ధతి ఉంది. 2012లో వచ్చి 2024లో సవరించిన, గుండె ఆగిన కుక్కలకూ పిల్లులకూ చేసే అత్యవసర చికిత్సపై రికవర్ మార్గదర్శకాల ప్రకారం పక్కకు పడుకోబెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, ఛాతీ వెడల్పులో మూడో వంతు నుంచి సగం దిగేలా నొక్కాలి. లాబ్రడార్ లాంటి గుండ్రటి ఛాతీ అయితే వెడల్పైన చోట, సన్నగా లోతుగా ఉండే ఛాతీ అయితే నేరుగా గుండె మీద. ప్రతి 30 నొక్కుళ్లకు నోరు మూసి పట్టి ముక్కులోకి రెండు ఊపిరులు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, లేకపోతే చేతులు సడలి లోతు తగ్గుతుంది.

ఇవన్నీ దుర్ఘటన స్థలంలో నేర్చుకోలేం. థర్మామీటరు పెట్టించుకోవడం, మూతికి చిక్కం, భుజాన ఎత్తుకోవడం కుక్కకు ఇంటి దగ్గర, పొట్ట నిండిన వేళ అలవాటు చేయండి. కొత్త ఊళ్లో గాలింపు మొదలుకాక ముందే పాము విరుగుడు ఏ ఆసుపత్రిలో ఉందో కనుక్కోండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సంచార పశువైద్య వాహనానికి 1962కు ఫోను చేయవచ్చు. నా మందుల పెట్టె మూత లోపల ఒక కాగితం అంటించి ఉంటుంది. బృందంలోని ప్రతి జాగిలం పేరు, విశ్రాంతిగా ఉన్నప్పటి ఒంటి వేడి, తొడ లోపల అందే నాడి, బరువు, చిగుళ్ల రంగు. నల్ల చిగుళ్ల కుక్క ఒకటి ఉంది, దాని వరుసలో "కనురెప్ప లోపల చూడాలి" అని ఎర్ర సిరాతో రాసి పెట్టాను.