విమానాశ్రయ స్థలాలకు అద్దె నిర్ణయించడం: నేను తరచూ వినే అపోహలు, అసలు వాస్తవాలు

నేను తిరుపతిలో స్థిరాస్తి మదింపు పని చేస్తాను. బ్యాంకు రుణాల కోసం ఇళ్లకూ స్థలాలకూ విలువ కట్టడంతో మొదలుపెట్టి, తరవాత ప్రభుత్వ సంస్థల దుకాణాలకూ గోదాములకూ అద్దె అంచనాలు రాశాను. కొన్నేళ్లుగా, అమెరికాలో నగరపాలక సంస్థల యాజమాన్యంలో ఉన్న చిన్న విమానాశ్రయాలకు లీజు రేట్లు సూచించే ఒక సలహా సంస్థకు ఇక్కడి నుంచే పోలిక పట్టికలు తయారుచేసి పంపుతున్నాను. ఈ పని గురించి తెలిసిన వ్యాపారులూ, తోటి మదింపుదారులూ, మునిసిపల్ ఉద్యోగులూ నన్ను అడిగే ప్రశ్నలలో కొన్ని నమ్మకాలు మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. వాటిలో కొన్ని సగం నిజాలు, కొన్ని పూర్తిగా తప్పు. తప్పు రేటు వల్ల నష్టపోయేది ఒక్క అద్దెదారో ఒక్క కార్యాలయమో కాదు, ఆ ఆస్తికి నిజమైన యజమానులైన ప్రజలు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అపోహ: విమానాశ్రయం ఊరిదైతే, దాని అద్దె డబ్బు ఊరు తనకు నచ్చినట్టు ఖర్చు పెట్టుకోవచ్చు.

వాస్తవం: ముందుగా ఒక తేడా చెప్పాలి. మన రేణిగుంటలోని విమానాశ్రయం తిరుపతి నగరపాలక సంస్థది కాదు. అది కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాది, ఆ సంస్థకు ఆధారం 1994 నాటి చట్టం. అమెరికాలో పరిస్థితి వేరు. లాస్ ఏంజిలిస్, షికాగో, అట్లాంటా వంటి మహానగరాల ప్రధాన విమానాశ్రయాలు ఆయా నగరాలవే, వందలాది చిన్న పట్టణాలకు కూడా సొంత విమానాశ్రయాలు ఉన్నాయి. అయినా ఆ నగరాలకు పూర్తి స్వేచ్ఛ లేదు. రన్‌వేలకూ ఇతర పనులకూ ఫెడరల్ ప్రభుత్వం, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం నుంచి గ్రాంటు తీసుకున్న ప్రతి నగరమూ కొన్ని హామీలపై సంతకం చేస్తుంది. విమానాశ్రయం సాధ్యమైనంత వరకు తన ఖర్చు తానే భరించేలా రుసుములూ అద్దెలూ ఉండాలన్నది 24వ హామీ, అక్కడ వచ్చిన రాబడి ఆ విమానాశ్రయ అవసరాలకే వాడాలన్నది 25వ హామీ. ఆ రాబడిని ఎలా వాడాలో వివరించే విధానాన్ని అక్కడి విమానయాన నియంత్రణ సంస్థ అయిన ఫెడరల్ ఏవియేషన్ అడ్మినిస్ట్రేషన్ 1999 ఫిబ్రవరిలో ప్రకటించింది.

దీని ఫలితం చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. నగరం తన పార్కుల విభాగానికో పోలీసు విభాగానికో విమానాశ్రయ భూమిలో కార్యాలయం పెట్టుకుంటే, ఆ విభాగం కూడా మార్కెట్ అద్దె చెల్లించాలి. తన భూమికి తానే అద్దె కట్టడమేమిటని అడుగుతారు. తక్కువ అద్దెకు ఇవ్వడమంటే, విమానాశ్రయానికి రావలసిన డబ్బును నగర ఖజానాకు మళ్లించినట్టేనన్నది అక్కడి వాదన, నాకది సరైనదిగానే తోస్తుంది. మినహాయింపులు లేకపోలేదు. లాభాపేక్ష లేని విమాన ప్రదర్శనశాలలకూ, విమానయాన విద్య నేర్పే సంస్థలకూ, వాటి వల్ల విమానయానానికి కలిగే మేలుకు తగినంత మేర అద్దె తగ్గించవచ్చు. అయితే ఆ మేలు ఏమిటో కాగితం మీద చూపించగలగాలి.

అపోహ: చుట్టుపక్కల భూమి ధర తెలిస్తే విమానాశ్రయం మొత్తానికి ఒకే రేటు కట్టవచ్చు.

వాస్తవం: నేను చూసిన తప్పులలో ఎక్కువ భాగం ఇక్కడే పుడతాయి. ఒకే ప్రహరీ లోపల ఉన్నా, రన్‌వే వైపు భూమి ఒక సరుకు, రోడ్డు వైపు భూమి మరొక సరుకు.

విమానాలు రన్‌వేకు వెళ్లివచ్చే దారి అయిన ట్యాక్సీవేకు ఆనుకుని ఉన్న ఎకరాన్ని తీసుకోండి. అందులో విమానాలు నిలిపే హ్యాంగరో, మరమ్మతుల షెడ్డో, ఇంధన కేంద్రమో తప్ప వేరొకటి కట్టడానికి వీలుండదు. విమానాల రాకపోకలకు అడ్డు రాకుండా కట్టడం ఎత్తుకు పరిమితి ఉంటుంది. లోపలికి వెళ్లే ప్రతి మనిషికీ భద్రతా పాసు కావాలి. అద్దెదారు ఆ భూమిని అమ్ముకోలేడు, తాకట్టు పెడతానంటే బ్యాంకు వెనకాడుతుంది. ఇన్ని కట్టుబాట్లున్న భూమికి రేణిగుంట రోడ్డు మీది లేఔట్ ప్లాటు ధరను పోలికగా తీసుకోవడం న్యాయం కాదు. దానికి సరైన పోలిక మరో విమానాశ్రయంలోని అలాంటి భూమే. అది కూడా రన్‌వే పొడవు, నియంత్రణ టవరు ఉందా లేదా, అక్కడ స్థిరంగా నిలిపి ఉంచే విమానాల సంఖ్య, ఊరి జనాభా, ఇవన్నీ దగ్గరగా ఉన్నప్పుడే పనికొస్తుంది. నేను పంపే పట్టికలలో సగానికి పైగా గడులు ఈ వివరాలకే సరిపోతాయి. అద్దె అంకె చివరి గడిలో మాత్రమే ఉంటుంది.

రోడ్డు వైపు ఎకరం సంగతి వేరు. అక్కడ హోటలో, పెట్రోలు బంకో, గోదామో రావచ్చు. విమానాలతో సంబంధం లేని అలాంటి వాడకానికి అమెరికా నిబంధనలు మార్కెట్ అద్దెనే కోరుతాయి, కాబట్టి బయటి భూముల లావాదేవీలే పోలిక. విమానయానానికి వాడే స్థలం దగ్గర మాత్రం అద్దె సహేతుకంగా ఉండాలనీ, ఒకే రకమైన వాడకందారుల మధ్య అన్యాయమైన వివక్ష చూపకూడదనీ కోరుతాయి. ఒకచోట మార్కెట్, మరొకచోట సహేతుకత: రెండు కొలమానాలు వేరని గుర్తించకుండా సగటు తీస్తే, రెండు వైపులా తప్పు రేటే వస్తుంది.

భూమి విలువ నుంచి అద్దెకు ఎలా వస్తామో చూపడానికి కొన్ని ఊహా అంకెలు తీసుకుంటాను. రోడ్డు వైపు ఎకరం విలువ 3 కోట్లు, రాబడి రేటు 8 శాతం అనుకుంటే, ఏడాది అద్దె 24 లక్షలు. ఎకరానికి 43,560 చదరపు అడుగులు కాబట్టి, చదరపు అడుగుకు ఏడాదికి సుమారు 55 రూపాయలు, నెలకు నాలుగున్నర రూపాయల పైచిలుకు. గుణకారం చిన్నపిల్లలైనా చేస్తారు. ఆ 3 కోట్లకు ఆధారం ఏమిటి, ఎనిమిదే ఎందుకు, పది ఎందుకు కాదు అన్న ప్రశ్నలకు జవాబు చెప్పడమే మదింపుదారు పని. రిజిస్ట్రేషన్ శాఖ పుస్తకంలో ఉన్న విలువను అలాగే ఎత్తి రాయడం ఆ జవాబు కాదు. అది స్టాంపు సుంకం వసూలుకు పెట్టిన కనీస విలువ, దాన్ని ఏ ఒక్క స్థలం హద్దులూ ముఖభాగమూ చూసి కట్టలేదు.

అపోహ: వేలంలో ఎక్కువ పలికిన ధరే మార్కెట్ అద్దె.

వాస్తవం: వేలం పారదర్శకమైన పద్ధతి, దాన్ని నేను తక్కువ చేయను. కానీ ఒక్క పాట మార్కెట్ కాదు. కొన్నేళ్ల క్రితం ఒక ప్రభుత్వ సంస్థ కట్టిన దుకాణ సముదాయానికి నేను అద్దె అంచనా రాసి ఇచ్చాను. మూల దుకాణం కోసం ఇద్దరు వ్యాపారులు పంతానికి పోయి పాడారు. పాట నా అంచనాకు దాదాపు రెట్టింపు దగ్గర ఆగింది. నా అంచనా తప్పని అధికారులు అనుకున్నారు, ఆ పాటనే ఆధారం చేసుకుని మిగతా దుకాణాలకు కనీస ధర నిర్ణయించారు. ఆ దుకాణాలు ఏడాదికి పైగా తెరుచుకోలేదు. మూల దుకాణం పాడుకున్న వ్యక్తి ఎనిమిదో నెలలో ధరావతు వదులుకుని వెళ్లిపోయాడు. ఆ ఏడాదంతా షట్టర్ల ముందు దుమ్ము పేరుకోవడం చూసి నేను బాధపడ్డాను, ఎందుకంటే సరైన కనీస ధర పెట్టి ఉంటే అక్కడ పది కుటుంబాలు వ్యాపారం చేసుకునేవి, సంస్థకూ ప్రతి నెలా డబ్బు వచ్చేది.

విమానాశ్రయ టెర్మినల్‌లో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ, ఎందుకంటే అక్కడి దుకాణానికి బజారు వీధిలా దారిన పోయే కొనుగోలుదారులు ఉండరు. ఎన్ని విమానాలు వస్తే అంతమందే. పైగా టెర్మినల్‌లో దుకాణం ఎక్కడున్నదన్నది ముఖ్యం: మన దగ్గర దర్శనానికి వచ్చినవారు విమానం దిగగానే కొండకు బయలుదేరాలని చూస్తారు, తిరుగు ప్రయాణంలో భద్రతా తనిఖీ దాటి కూర్చున్నాకే చేతిలో కాస్త తీరిక ఉంటుంది. అందువల్ల ఒకే విస్తీర్ణమైనా రాక వైపు గదికీ, తనిఖీ దాటిన తరవాతి గదికీ ఒకే అద్దె ఉండదు. 2020 మార్చి 25 నుంచి మే 25 వరకు దేశీయ విమానాలు ఆగిపోయినప్పుడు, స్థిరమైన నెల అద్దె ఒక్కటే రాసుకున్న ఒప్పందాలు ఎంత పెళుసైనవో అందరికీ తెలిసింది. కనీస హామీ మొత్తం ఒకటి పెట్టి, అమ్మకాలలో వాటా దానికి మించినప్పుడు ఆ వాటా తీసుకునే పద్ధతి ప్రపంచమంతటా టెర్మినల్ దుకాణాలకు వాడుకలో ఉన్నది ఈ కారణం వల్లనే. ఆ కనీస హామీని ప్రయాణికుల సంఖ్యకు ముడిపెడితే ఇద్దరికీ మేలని నా అభిప్రాయం.

అపోహ: మూడేళ్లకోసారి మూడో వంతు పెంచితే అద్దె దానంతట అదే సరిపోతుంది.

వాస్తవం: మన మునిసిపల్ దుకాణాలలో మూడేళ్లకోసారి 33 1/3 శాతం పెంచి లీజు పొడిగించడం అందరికీ తెలిసిన పద్ధతి. దీన్ని చక్రవడ్డీగా చూస్తే ఏడాదికి సుమారు 10 శాతం. నెలకు 10,000 రూపాయలతో మొదలైన అద్దె, ఎనిమిది పెంపుల తరవాత, అంటే 24 ఏళ్లకు, దాదాపు 99,900 రూపాయలకు చేరుతుంది. పది రెట్లు! ఆ బజారు నిజంగా పది రెట్లు పెరిగితే మంచిదే. పెరగకపోతే, నడుమనే బకాయిలు, కోర్టు స్టేలు, ఖాళీ గదులు మొదలవుతాయి. ఇంకా ఎక్కువ పెరిగితే, దుకాణం ఒకరి పేర చవకగా ఉండి, లోపల వ్యాపారం చేసే మరొకడు ఆ పేరున్నవాడికి గుడ్‌విల్ కట్టి నడుపుతుంటాడు. సంస్థకు రావలసిన డబ్బు మధ్యవాడి జేబులోకి పోతుంది. మొదటి అద్దెలో జరిగిన తప్పును ప్రతి పెంపూ అదే నిష్పత్తిలో పెద్దది చేస్తుంది.

అమెరికా విమానాశ్రయాల దీర్ఘకాలిక లీజులలో ఏటా వినియోగ ధరల సూచీని బట్టి చిన్న సవరణ, కొన్నేళ్లకోసారి తాజా మదింపుతో పెద్ద సవరణ, ఈ రెండింటినీ కలిపి రాయడం నేను తరచూ చూస్తాను. మన సంస్థలు కూడా పెంపు శాతాన్ని అలాగే ఉంచి, తొమ్మిదేళ్లకోసారైనా కొత్త మదింపు చేయించాలన్న షరతు కలిపితే బాగుంటుంది.

అపోహ: హ్యాంగరు అద్దెదారు కట్టుకున్నాడు కాబట్టి అది ఎప్పటికీ అతనిదే, భూమి అద్దె మాత్రమే అడగాలి.

వాస్తవం: లీజులో ఏమి రాసి ఉందో దాన్ని బట్టి ఉంటుంది. గడువు ముగిశాక కట్టడం విమానాశ్రయానికి చెందుతుందని రాసుకోవడం అమెరికాలో సాధారణం. గడువు నడుస్తున్నంత కాలం భూమికే అద్దె. గడువు తీరి కట్టడం చేతికొచ్చాక, అదే వ్యక్తి కొనసాగదలిస్తే భూమికీ కట్టడానికీ కలిపి అద్దె. ముప్పై ఏళ్లు భూమి అద్దె కట్టిన మనిషికి ఒక్కసారిగా అద్దె అనేక రెట్లు కావడం అన్యాయంగా అనిపిస్తుంది, ఆ బాధ నాకు అర్థమవుతుంది. అయితే గడువును పెట్టుబడి తిరిగి రాబట్టుకోవడానికి చాలినంతగా ఇచ్చి ఉంటే, ఆ హ్యాంగరు ఖర్చు అతనికి అప్పటికే తిరిగి వచ్చి ఉంటుంది. కాబట్టి వాదించవలసింది చివరి ఏడాది కాదు, గడువు రాసుకునే మొదటి రోజే. తక్కువ గడువుకు ఒప్పుకున్నవారు తక్కువ భూమి అద్దె అడగడంలో న్యాయముంది.

అపోహ: చదరపు అడుగు ఎక్కడైనా చదరపు అడుగే.

వాస్తవం: తిరుపతిలో ఇంటి స్థలాన్ని అంకణాలలో చెప్పుకుంటాం, మన అంకణం 36 చదరపు అడుగులు. పక్కనున్న నెల్లూరులో అంకణమంటే 72. ఆ సంగతి తెలియక నెల్లూరు ధరను తిరుపతి ధరతో పోల్చినవాడు సగానికి సగం తప్పుతాడు. విమానాశ్రయ అద్దెలలో ఇదే తప్పు కొత్త వేషంలో వస్తుంది. ఒకచోట గోడల లోపలి విస్తీర్ణం, మరొకచోట నడవాలతో కలిపిన విస్తీర్ణం. ఒకచోట కరెంటు, నీళ్లు, శుభ్రత అద్దెలోనే, మరొకచోట విడిగా. ఒక రేటులో 18 శాతం జీఎస్టీ కలిసి ఉంటుంది, మరొకదానిలో ఉండదు. ఇవన్నీ ఒకే కొలతకు తెచ్చేవరకు ఏ రెండు రేట్లనూ నేను పక్కపక్కన రాయను.

అపోహ: టెర్మినల్ దుకాణాల అద్దెను కూడా కేంద్ర నియంత్రణ సంస్థే నిర్ణయిస్తుంది.

వాస్తవం: కాదు. 2008 చట్టం కింద ఏర్పడిన విమానాశ్రయాల ఆర్థిక నియంత్రణ సంస్థ పెద్ద విమానాశ్రయాలలో ల్యాండింగ్, పార్కింగ్, సరుకు రవాణా, ఇంధన సరఫరా వంటి విమానయాన సేవల రుసుములను నిర్ణయిస్తుంది. 2019 సవరణ తరవాత ఏడాదికి 35 లక్షలకు పైగా ప్రయాణికులున్న విమానాశ్రయాలే సాధారణంగా ఆ పరిధిలోకి వస్తాయి. దుకాణం అద్దె టెండరుకూ ఒప్పందానికీ సంబంధించిన విషయం.

అపోహ: కాగితం మీద పేరు లీజైనా లైసెన్సైనా అద్దె ఒకటే.

వాస్తవం: 1882 ఆస్తి బదిలీ చట్టం ప్రకారం లీజు అంటే ఆస్తిని అనుభవించే హక్కును బదిలీ చేయడం. అదే ఏడాది వచ్చిన ఈజ్‌మెంట్ల చట్టం ప్రకారం లైసెన్సు కేవలం అనుమతి, ఆస్తిలో హక్కు కాదు. ముప్పై రోజుల నోటీసుతో ఖాళీ చేయించగల అనుమతికీ, రిజిస్టరైన పదేళ్ల లీజుకూ ఒకే అద్దె కోరితే మొదటివాడికి అన్యాయం, ఒకే అద్దె ఇస్తే రెండోవాడికి అయాచిత లాభం. అందువల్ల రేటు చెప్పమని ఎవరైనా నక్షా పట్టుకుని నా దగ్గరికి వస్తే, నక్షా పక్కన పెట్టి ముందు ముసాయిదా ఒప్పందం తెమ్మంటాను. అందులో గడువు, ఖాళీ చేయించే షరతు, సబ్‌లీజు అనుమతి, కట్టడం చివరికి ఎవరిది అన్న నాలుగు చోట్ల పెన్సిలుతో గీత గీసి, ఆ నాలుగూ ఖరారయ్యాకే స్థలం చూడటానికి బయలుదేరతాను.