పాసైన రిఫరీ మళ్లీ పరీక్ష ఎందుకు రాయాలి?

కొన్నేళ్ల కిందట విజయవాడలో స్కూలు పిల్లల ఫుట్‌బాల్ మ్యాచ్ జరుగుతోంది. బంతి గోల్ గీత దాటి బయటికి పోయాక ఆట మళ్లీ మొదలుపెట్టే గోల్‌కిక్‌ని, గోల్‌కీపర్ బాక్సులోనే (గోల్ ముందు గీసిన పెద్ద చతురస్రంలోనే) పక్కనున్న డిఫెండర్‌కి మెల్లగా తోశాడు. విజిల్ మోగింది. "బాక్సు దాటలేదురా, మళ్లీ తన్ను" అన్నారు రిఫరీ. పిల్లాడు రెండోసారీ అలాగే తోశాడు. టీవీలో రోజూ చూసేది అదే మరి. మళ్లీ విజిల్. మూడోసారి కంగారుగా గాల్లోకి లేపితే బంతి నేరుగా ఎదుటి జట్టు ఫార్వర్డ్ కాళ్ల దగ్గర పడింది, గోలైపోయింది. ఆ పిల్లాడు గ్లవ్స్ తీసి మొహం తుడుచుకోవడం నాకింకా గుర్తుంది. గోల్‌కిక్ బాక్సు దాటాలన్న నిబంధన 2019లోనే పోయింది. రిఫరీగా ఉన్న ఆ మాస్టారికి ఆట తెలియదని కాదు, ఆయన పరీక్ష పాసైన నాటి రూలు అది. లైన్ మీద జెండా పట్టుకుని నిలబడ్డది నేనే. ఆయన నాకంటే పెద్దవారు, పిలిచి చెప్పడానికి నోరు రాలేదు.

"ఇరవై ఏళ్లుగా విజిల్ ఊదుతున్నాం, మాకు మళ్లీ రాత పరీక్షేంటి" అని ఎవరన్నా నాకు ముందు ఆ పిల్లాడే గుర్తొస్తాడు.

అసలు మొదట్లో రిఫరీయే లేడు. 1863లో లండన్‌లో రాసుకున్న 13 నిబంధనల్లో ఆ మాటే కనపడదు. గొడవొస్తే కెప్టెన్లే తేల్చుకునేవారు. తర్వాత జట్టుకో అంపైర్ వచ్చాడు. క్రికెట్‌లోలా అప్పీల్ చేస్తేనే తీర్పు చెప్పేవారు, ఇద్దరికీ పొసగకపోతే గీత బయటున్న రిఫరీని అడిగేవారు. 1891లో రిఫరీ మైదానం లోపలికొచ్చాడు, అంపైర్లు లైన్స్‌మెన్ అయ్యారు. పెనాల్టీ కిక్ పుట్టిందీ ఆ ఏడే. నిర్ణయమంతా ఒక్కడి చేతికొచ్చాక, ఆ ఒక్కడికి రూల్స్ వచ్చో రాదో చూసేదెవరన్న ప్రశ్న రాక తప్పదు. 1893లో లండన్‌లో రిఫరీల సంఘం పెట్టుకున్నదే అర్హతలు పరీక్షించడానికి. అంటే పరీక్ష వయసు దాదాపు విజిల్ అధికారం వయసంత.

ఒకసారి పాసైతే చాలదన్న ఆలోచన రావడానికి కారణం రూల్స్ కుదురుగా ఉండకపోవడం. 1938లో స్టాన్లీ రౌస్ వాటిని 17 నిబంధనలుగా తిరగరాశారు. ఆయనా రిఫరీయే, 1934 ఎఫ్.ఏ. కప్ ఫైనల్ నడిపించింది ఆయనే. ఆ 17 అంకె నేటికీ అదే, లోపలి సరుకు మాత్రం మారుతూనే ఉంది. ఆఫ్‌సైడ్ కాకూడదంటే ముందున్న ఆటగాడికీ గోల్ గీతకీ మధ్య ఎదుటి జట్టువాళ్లు ముగ్గురుండాలన్న లెక్క 1925లో ఇద్దరికి దిగింది. సొంత జట్టువాడు కాలితో వెనక్కిచ్చిన బంతిని (బ్యాక్‌పాస్‌ని) గోల్‌కీపర్ చేత్తో పట్టకూడదన్నది 1992లో వచ్చింది. గోల్‌కీపర్ బంతి ఎంతసేపు పట్టుకోవచ్చన్నది ఒక్కటి చూడండి: ఒకప్పుడు నాలుగు అడుగులు వేసేంతవరకే అన్న లెక్క, 2000 నుంచి ఆరు సెకన్లు, 2025 నుంచి ఎనిమిది సెకన్లు. శిక్ష కూడా మారింది, ఇన్‌డైరెక్ట్ ఫ్రీకిక్ (నేరుగా గోల్ కొట్టడానికి లేని కిక్) పోయి కార్నర్ (మైదానం మూల నుంచి తన్నే కిక్) వచ్చింది. ఈ మార్పులు చేసే అంతర్జాతీయ బోర్డు 1886 నాటిది. ఓట్లు ఎనిమిది. ఫిఫాకి నాలుగు, నాలుగు బ్రిటిష్ సంఘాలకి తలా ఒకటి. ఆరు ఓట్లు పడితేనే మార్పు. కొత్త రూల్స్ ఏటా జూలై 1 నుంచి అమలు. మన బళ్లు తెరిచి, పోటీలకి జట్లు కట్టుకునే రోజులవి.

అందుకే చాలా దేశాల్లో రిఫరీ సర్టిఫికెట్‌కి కాలపరిమితి ఉంటుంది. అమెరికాలో ఏటా రిజిస్ట్రేషన్ కొత్తగా చేయించుకోవాలి, అందులో రూల్స్ మీద టెస్టూ ఉంటుంది. పై స్థాయి వాళ్లకి పరుగు పరీక్ష అదనం: ఆరుసార్లు 40 మీటర్ల స్ప్రింట్, ఆ తర్వాత 75 మీటర్ల పరుగు, 25 మీటర్ల నడక చొప్పున నలభైసార్లు. దానికి మనవాళ్లు వెనకాడరు, తెల్లారకముందే గ్రౌండ్‌లో ఉంటారు. చిక్కంతా ఇంగ్లిష్ ప్రశ్నపత్రం దగ్గరే.

ఉమ్మడి రాష్ట్రంలో ఫుట్‌బాల్ అంటే హైదరాబాదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన జట్టుకి కోచ్ హైదరాబాద్ రహీం సాబే. విజయవాడ, గుంటూరుల్లో ఈ ఆట స్కూళ్లు, కాలేజీల్లో పీఈటీ మాస్టార్ల భుజాల మీద బతికింది. పొద్దున కబడ్డీ, మధ్యాహ్నం ఖోఖో, సాయంత్రం ఫుట్‌బాల్, విజిల్ మాత్రం ఒక్కటే. వాళ్లలో చాలామంది చదువు తెలుగు మీడియమే. ఫుట్‌బాల్ రూల్స్‌ని బోర్డు ఇంగ్లిష్, ఫ్రెంచ్, జర్మన్, స్పానిష్ భాషల్లో వేస్తుంది. తేడా వస్తే ఇంగ్లిష్ పాఠమే చెల్లుతుంది.

పన్నెండో నిబంధనలో ఫౌల్‌కి మూడు మెట్లున్నాయి. 'కేర్‌లెస్' అయితే కార్డు లేదు. 'రెక్‌లెస్' అయితే ఎల్లో కార్డు, అంటే హెచ్చరిక. 'ఎక్సెసివ్ ఫోర్స్' (మితిమీరిన బలం) అయితే రెడ్, అంటే మైదానం బయటికే. మొదటి రెండింటికీ నిఘంటువు చూస్తే అజాగ్రత్త, నిర్లక్ష్యం అని ఉంటాయి. మన వాడుకలో ఆ రెండూ ఒకటే. లారీ నిర్లక్ష్యంగా నడిపాడన్నా, అజాగ్రత్తగా నడిపాడన్నా వినేవాడికి తేడా తెలియదు. మైదానంలో కళ్లెదుట జరిగితే ఏది కార్డో ఠక్కున చెప్పగలిగిన మాస్టారు, కాగితం మీద ఆ రెండు మాటల మధ్య ఆగిపోతారు. మార్కు అక్కడే పోతుంది.

కార్డులు పుట్టిందీ భాష చిక్కు వల్లే. 1966 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, అర్జెంటీనా మ్యాచ్‌లో జర్మన్ రిఫరీ క్రైట్‌లైన్, అర్జెంటీనా కెప్టెన్ రాటిన్‌ని బయటికి పొమ్మన్నారు. ఒకరి భాష ఒకరికి రాదు. చాలాసేపు ఆట ఆగిపోయింది. రిఫరీల బాధ్యత చూస్తున్న కెన్ ఆస్టన్‌కి ట్రాఫిక్ లైట్ల దగ్గర రంగు కార్డుల ఆలోచన తట్టింది. 1970 ప్రపంచకప్‌లో అవి వచ్చేశాయి. ఆటగాడికి అర్థం కావాలని ప్రపంచం అంత చేసింది. రిఫరీకీ అర్థం కావాలి కదా! పరీక్ష ఉండాల్సిందే, ఏటా ఉండాల్సిందే. ఆ పత్రం తెలుగులోనూ ఇవ్వాలి, జూలైకి ముందే మారిన రూల్స్ తెలుగులో చేతికందాలి.

మాలో కొందరం ఆదివారం ప్రాక్టీసు అయ్యాక గ్యాలరీ మెట్ల మీద కూర్చుని పన్నెండో నిబంధనని తెలుగులో రాసుకుంటున్నాం. ఎదుటివాడికేమవుతుందో అన్న లెక్క లేకుండా కాలు పెట్టడమే 'రెక్‌లెస్' అని పుస్తకం చెబుతుంది. దానికి మాట దొరక్క రెండు వారాలు తంటాలు పడ్డాం. గుంటూరు నుంచి వచ్చే ఓ పెద్దాయన చివరికి, "తెగించి వెళ్లాడు అంటాం కదయ్యా, అదే రాయండి" అన్నారు. అదే రాశాం.